చివర నడిచే మనిషి దగ్గర్నుంచి లెక్క వేయండి: న్యూ ఇంగ్లండ్ తెలుగు హైకింగ్ బృందాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

న్యూ ఇంగ్లండ్‌లో మనవాళ్ళ హైకింగ్ బృందాలను నడిపిస్తున్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్ళకు,

నమస్కారం.

థాంక్స్‌గివింగ్ దాటగానే మీ వాట్సాప్ గ్రూపుల్లో చలికాలం నడకల కబుర్లు మొదలవుతాయి. ఏ శనివారం ఏ కొండ, ఎవరి కారులో ఎన్ని సీట్లు, మంచులో కాలు దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే స్నోషూలు ఎక్కడ అద్దెకిస్తారు, ఇవన్నీ తేలకముందే ఈ ఉత్తరం మీకు చేరాలని రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. ఈ ఏడాది ప్రతి నడకనూ వరసలో అందరికంటే వెనక నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని వేయండి. ఎంతమందిని పిలవాలి, ఏ ట్రెయిల్ ఎంచుకోవాలి, ఎన్నింటికి బయల్దేరాలి, ఎన్నింటికి వెనక్కి తిరగాలి, అన్నీ ఆ మనిషి దగ్గర్నుంచే తేల్చండి.

ఈ నడకలు తగ్గించమని నేను అడగడం లేదు. ఇవి లేకపోతే ఇక్కడ మన చలికాలం ఎలా గడుస్తుందో అందరికీ తెలుసు. నవంబరులో గడియారం వెనక్కి జరిపిన రోజు నుంచి ఆఫీసు వదిలేసరికి చీకటి. ఇల్లు, కారు, ఆఫీసు, మళ్ళీ ఇల్లు. ఆరు నెలలుందామని వచ్చిన అమ్మానాన్నలు కిటికీ దగ్గర కూర్చుని మంచు వంక చూస్తూ ఎప్పుడు వెళ్ళిపోదామా అని రోజులు లెక్కపెట్టుకుంటారు. ఆగస్టులో చదువుకని దిగిన పిల్లలకైతే మొదటి జనవరి గండంలాగే ఉంటుంది. అలాంటివాళ్ళను తెల్లవారుజామున లేపి, కార్లలో ఎక్కించి, న్యూ హాంప్‌షైర్ వైట్ మౌంటెన్స్‌లోని ఫ్రాంకోనియా నాచ్ కనుమలో దించి, స్ప్రూస్ చెట్ల మధ్య నుంచి నడిపించుకు వెళ్తున్నది మీరే. ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో వాళ్ళ ముఖాలు చూశాను. నెలల తరబడి మూగగా ఉన్నవాళ్ళు కారంతా మాటలతో నింపేస్తారు. మీరు జీతం బత్తెం లేకుండా చేస్తున్న ఈ పని విలువ తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

సమస్య ఎక్కడంటే, మనం వేసవిలో నడిచినట్టే చలికాలంలోనూ నడుస్తున్నాం. జూలైలో నలభైమంది బయల్దేరితే గట్టిగా నడిచేవాళ్ళు ముందు వెళ్ళిపోతారు, ఏదో బండ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, వెనకవాళ్ళు చేరాక అందరూ కలిసి లేస్తారు. ఎవరికీ నష్టం లేదు. జనవరిలో ఇదే పద్ధతి ఏం చేస్తుందో చూడండి. ఎక్కుడు దారిలో నడుస్తున్నంతసేపూ ఒంట్లో వేడి పుడుతుంది, లోపలి బట్ట చెమటకు తడుస్తుంది. ఆగిన కాసేపటికే ఆ తడి చల్లబడి వెన్నులోంచి వణుకు బయల్దేరుతుంది. అందుకని ముందు చేరినవాళ్ళు నిలబడలేరు. చివరి మనిషి మలుపు తిరిగి కనబడగానే ‘హమ్మయ్య, వచ్చేశారు, పదండి’ అని కదులుతారు. ముందువాళ్ళకు పది నిమిషాల విశ్రాంతి దొరికింది, వెనక వచ్చినవాళ్ళకు ఒక్క నిమిషం కూడా దొరకలేదు. మంచినీళ్ళు తాగలేదు, నోట్లో ఏమీ వేసుకోలేదు, చెమట పట్టిన జాకెట్ విప్పే వ్యవధి లేదు, ఊడిన పట్టీ బిగించుకునే వ్యవధి లేదు. తర్వాతి మజిలీలోనూ ఇదే. బృందంలో అందరికంటే అలిసినవాళ్ళకు, చాలాసార్లు అందరికంటే తక్కువ బట్టలున్నవాళ్ళకు, రోజు మొత్తం మీద అందరికంటే తక్కువ విశ్రాంతి. ఇందులో ఎవరి చెడ్డతనమూ లేదు. నడక వేసిన తీరే అలాంటిది.

నిరుడు ఫిబ్రవరిలో మన బృందాల్లో ఒకదానితో లోన్‌సమ్ లేక్‌కి వెళ్ళినప్పుడు ఇది కళ్ళారా చూశాను. తెలిసినవాళ్ళకు అది సులువైన నడకే. లఫాయెట్ ప్లేస్ నుంచి చెరువు దాటి, కొండ మీద నడిచేవాళ్ళు బస చేసే హట్ దాకా ఒకటిన్నర మైలు పైచిలుకు, వెయ్యి అడుగుల ఎక్కుడు. ఆ రోజు వరస తెగి మూడు ముక్కలైంది. చివరి ముక్కలో గోదావరి జిల్లాల నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన అమ్మాయి ఉంది. జీన్స్ ప్యాంటు, కాలేజీ హుడీ, మీద మంచి కోటే, చేతులకు ఊలు గ్లవ్స్. ఆమె స్నోషూ పట్టీ పదేపదే ఊడిపోతోంది. వంగి బిగించుకున్న ప్రతిసారీ గ్లవ్స్ మంచులో తడుస్తున్నాయి. కొంతసేపటికి వేళ్ళు బకిల్ పట్టుకోలేని స్థితికి వచ్చాయి. దగ్గరికి వెళ్తే నవ్వుతూ ‘మీరు వెళ్ళండక్కా, నేను మెల్లగా వచ్చేస్తా’ అంది. ఇంకాసేపటికి అదే మాట మళ్ళీ అంది, ఈసారి నాలుక మందంగా తిరుగుతోంది. మాతో ఉన్న ఒక పెద్దాయన ఆ మాట వినీ వినగానే తన సంచిలోంచి ఉబ్బుగా ఉండే పఫర్ జాకెట్ తీసి ఆమె కోటు మీదే తొడిగి, తడి గ్లవ్స్ లాగేసి, వేళ్ళన్నీ ఒకే అరలో ఉండే పొడి మిటెన్లు వేసి, ఫ్లాస్కులోంచి చక్కెర దండిగా వేసిన టీ పట్టించారు. ముగ్గురం ఆమెను మధ్యలో పెట్టుకుని కిందికి దిగాం. సగం దారిలో రంగు తిరిగింది, మాట స్పష్టమైంది. క్షేమంగా ఇంటికి చేరింది. కానీ మేం దిగిపోయిన సంగతి పైన హట్‌లో కూర్చున్నవాళ్ళకు చాలాసేపటిదాకా తెలియనే లేదు.

ఒళ్ళు చల్లబడుతున్న మనిషి సాయం అడగదు. వణుకు, తడబడే అడుగులు, ముద్దగా వచ్చే మాటలు, చేతుల్లోంచి జారిపోయే వస్తువులు, ఊరికే విసుగు, ఇవీ హైపోథెర్మియా మొదట కనబడే తీరు. దాంతోపాటు బుద్ధి కూడా మందగిస్తుంది కాబట్టి తనకేమవుతోందో ఆ మనిషికే తెలియదు. దానికి మన మొహమాటం తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. నలుగురికీ అడ్డం కాకూడదు, పెద్దవాళ్ళను ఆపకూడదు, కొత్తగా పరిచయమైనవాళ్ళ ముందు తేలిక కాకూడదు అని పెరిగినవాళ్ళం. ‘మీరు వెళ్ళండి, నేను మెల్లగా వస్తా’ అన్న మాట చలికాలం కొండ మీద వినబడితే అక్కడే ఆగిపోవాలని మీ నాయకులందరికీ చెప్పండి. ఆ మాట అన్న మనిషిని ఒంటరిగా వదిలి ఎవరూ ఒక్క అడుగు ముందుకు వేయకూడదు.

అందుకే ముందు సంఖ్య తగ్గించమంటున్నాను. వైట్ మౌంటెన్ నేషనల్ ఫారెస్ట్‌లో వైల్డర్‌నెస్‌గా, అంటే మనిషి చెయ్యి పడకుండా కాపాడాలని ప్రకటించిన పెమిగెవాసెట్, గ్రేట్ గల్ఫ్ లాంటి చోట్ల ఒక బృందం 10 మందికి మించకూడదన్నది నియమం. న్యూయార్క్ అడిరోండాక్స్‌లోని హై పీక్స్ వైల్డర్‌నెస్‌లో పగటి నడకకైతే 15 మంది. లోన్‌సమ్ లేక్ ఉన్నది స్టేట్ పార్కులో, అక్కడ ఆ 10 మంది నియమం వర్తించదు. ఆ నియమం పెట్టింది కూడా అడవి కోసం, మన భద్రత కోసం కాదు. అయినా నాకు ఆ అంకె సరైనదనిపిస్తుంది. పదిమందైతే నాయకుడు వెనక్కి తిరిగి చూసినప్పుడు ప్రతి ముఖమూ కనబడుతుంది, ఎవరి ముక్కు కొస తెల్లబడుతోందో, ఎవరు మాట్లాడ్డం మానేశారో తెలుస్తుంది. ముప్ఫైమంది పేర్లిస్తే మూడు బృందాలు చేయండి. అరగంట ఎడంతో వదలండి, లేదా మూడు వేర్వేరు దారులకు పంపండి. ప్రతి బృందానికీ ముందు ఒకరు, చివర ఒకరు పేరు పెట్టి ఉండాలి. చివర నడిచేవాళ్ళకు కూడా దారి తెలియాలి, వాళ్ళ దగ్గర అదనపు జాకెట్, పొడి మిటెన్లు, వేడి ఫ్లాస్కు ఉండాలి. ఇప్పుడు మనం ఆ బాధ్యతను ఎవరు వెనకబడితే వాళ్ళకు వదిలేస్తున్నాం. నిజానికి బృందంలో బాగా అనుభవమున్న మనిషి ఉండాల్సిన చోటు అదే.

పేర్లిచ్చే పద్ధతి కూడా మారాలి. గ్రూపులో బొటనవేలు గుర్తు పెడితే వచ్చేసినట్టే లెక్క. ఆ బొటనవేలు వెనక ఎవరున్నారో, మంచులో ఎప్పుడైనా నడిచారో లేదో ఎవరికీ తెలియదు. 1876లో బోస్టన్‌లో పుట్టిన అపలాచియన్ మౌంటెన్ క్లబ్‌లో చలికాలం నడకకు పేరిస్తే నాయకులు తిరిగి మాట్లాడతారు. ఇంతకుముందు ఏం నడిచారు, ఏ బూట్లున్నాయి, ఏ బట్టలున్నాయి అని అడిగి, సరిపోదనిపిస్తే ఈసారి వద్దని మర్యాదగా చెప్పి ఇంకో తేలిక నడక సూచిస్తారు. మనకు ‘వద్దు’ అని చెప్పడం కష్టం. అవతల మనిషి నొచ్చుకుంటాడని, ‘మనవాళ్ళే, చూసుకుందాంలే’ అని సర్దుకుపోతాం. ఆ చూసుకోవడం తర్వాత ఎవరి మీద పడుతుందో ఆలోచించండి.

సామాను తనిఖీ ట్రెయిల్ మొదట్లో పెట్టకండి. తెల్లవారుజామున లేచి రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చిన పిల్లాడిని, బూట్లు సరిగ్గా లేవని అక్కడ ఆపడానికి ఏ నాయకుడికీ మనసొప్పదు. ముందు రోజు సాయంత్రం వీడియో కాల్‌లో చేయండి. సంచిలో ఉన్నవన్నీ మంచం మీద పరిచి చూపించమనండి. పదిమందికి గంట పట్టదు. అప్పుడు తేలిన లోటు తీర్చడానికి రాత్రంతా ఉంటుంది, పక్కింటివాళ్ళను అడగొచ్చు, కార్‌పూల్ చోట అందించొచ్చు. అయినా కుదరనివాళ్ళ కోసం అదే రోజు పక్కనే ఒక చదును నడక సిద్ధంగా ఉంచండి. కాంకమాగస్ హైవే మీద లింకన్ వుడ్స్ ఉంది కదా. వేలాడే వంతెన దాటాక పాత కలప రైలుమార్గం మీదే దారి, పెమిగెవాసెట్ నది ఈస్ట్ బ్రాంచ్ పక్కనే సాగుతుంది, ఎక్కుడు దాదాపు లేదు, ఎక్కడ అలిసినా వెనక్కి తిరిగి వచ్చేయొచ్చు. మంచు కింద అక్కడక్కడ పాత స్లీపర్లు కాలికి తగులుతాయి. అమ్మానాన్నలను తీసుకెళ్ళడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. కొండెక్కలేనివాళ్ళకు పెట్టిన రెండో రకం నడకలా దాన్ని చూడొద్దు. సీజన్‌లో మొదటి నడక అందరికీ అక్కడే పెట్టండి. ఎవరి బూటు కరుస్తుందో, ఎవరి పట్టీ ఊడుతుందో, ఎవరు ఎంత వేగంగా చల్లబడతారో ఆ చదును దారిలోనే తెలిసిపోతుంది.

బట్టల సంగతి చెప్పాలి. మన ఊళ్ళలో నూలు బట్టను మించింది లేదు, అక్కడి ఉక్కపోతకు అదే సరి. ఇక్కడి మంచులో దాని గుణమే శత్రువవుతుంది. చెమటను పీల్చి పట్టుకుంటుంది, ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఊలు గానీ సింథటిక్ గానీ, దాని మీద ఫ్లీసు, అన్నిటికీ పైన గాలి చొరని జాకెట్, ఆగినప్పుడు వేసుకోవడానికి సంచిలో విడిగా పఫర్ జాకెట్. బయల్దేరినప్పుడు కొంచెం చలిగా అనిపించాలి, అప్పుడే దారిలో చెమట తక్కువ పడుతుంది. ఇదంతా మీకు తెలుసు. తెలియనిది కొత్తగా వచ్చిన విద్యార్థికి. వాళ్ళకు తెలిసినా కొనే స్థోమత ఉండదు. క్యాంపస్‌లో గంటల లెక్కన పని చేసుకుని అద్దె కట్టుకునే పిల్లలు ఒక్క నడక కోసం స్నోషూలు, బూట్లు, జాకెట్ కొనుక్కోరు, ఉన్న జీన్స్‌తోనే వస్తారు. ఈ ఖర్చు వాళ్ళ మీద వేయకండి. మన సంఘాలు సంక్రాంతికీ ఉగాదికీ హాళ్ళు తీసుకుని, కళాకారులను పిలిపించి, వేలమందికి భోజనాలు పెడుతున్నాయి. ఆ ఖర్చులో చిన్న భాగం పక్కన పెట్టి పదిమందికి సరిపడా స్నోషూలు, జారకుండా బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్ళ మైక్రోస్పైక్స్, మిటెన్లు, ఉన్ని టోపీలు, హెడ్‌ల్యాంపులు కొని ఒకరి గరాజ్‌లో ఉంచాలని సంఘాల పెద్దలను అడగండి. అందరి ఇళ్ళల్లోనూ పిల్లలకు పొట్టయిన జాకెట్లు, ఒకసారి తొడిగి వదిలేసిన బూట్లు ఉంటాయి, అవి కూడా చేరతాయి. అలా చేస్తే ‘నా దగ్గర లేవు’ అని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

స్నోషూల గురించి ఒక అపోహ తీర్చాలి. ‘దారి గట్టిపడే ఉంది, బూట్లతోనే వెళ్ళిపోవచ్చు’ అని చాలామంది వాటిని కారులోనే వదిలేస్తారు. పొద్దున గట్టిగా ఉన్న దారి మధ్యాహ్నం ఎండకు మెత్తబడుతుంది. బూటు వేసిన చోటల్లా కాలు మోకాలిదాకా దిగబడుతుంది. ప్రతి అడుగూ లాక్కుని నడిచే మనిషి మైలు తిరక్కుండానే డీలా పడిపోతాడు. రాత్రికి ఆ గుంతలన్నీ గడ్డకట్టి, మర్నాడు వచ్చేవాళ్ళ చీలమండలు విరిచే దారి తయారవుతుంది. హై పీక్స్‌లో 8 అంగుళాలకు మించి మంచుంటే స్నోషూలో స్కీలో వేసుకు తీరాలన్న నియమం అందుకే పెట్టారు. వైట్ మౌంటెన్స్‌లో అలాంటి నియమం లేకపోయినా మనం పెట్టుకోవచ్చు. నలభైమంది బూట్లతో తొక్కి వదిలిన దారి ఎలా ఉంటుందో ఆ వెనక వచ్చే స్థానికులకు తెలుసు. ఆ తొక్కినవాళ్ళు ఎవరో కూడా వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

తాజా మంచులో మొదట నడిచే మనిషికి శ్రమ చాలా ఎక్కువ, కాబట్టి కొన్ని నిమిషాలకోసారి ముందు మనిషి పక్కకు తప్పుకుని వరస చివర చేరాలి. నిటారు ఎక్కుళ్ళలో మడమ కింద ఉండే కడ్డీ పైకి లేపుకుంటే పిక్కలకు హాయిగా ఉంటుందని కొత్తవాళ్ళకు చూపించండి. స్నోషూలతో వెనక్కి అడుగేయకూడదనీ, తిరగాలంటే చిన్న చిన్న అడుగులతో గుండ్రంగా తిరగాలనీ లింకన్ వుడ్స్ పార్కింగ్‌లోనే నేర్పండి. ఫొటో కోసం దారి పక్కకు దిగితే చిన్న స్ప్రూస్ చెట్ల కొమ్మల కింద మంచు డొల్లగా ఉండి నడుం దాకా కూరుకుపోతారు, అందులోంచి పైకి రావడం అంత తేలిక కాదు. గడ్డకట్టిన చెరువు మీద నడవాలని అందరికీ సరదా. హానోవర్‌లో ఉన్న అమెరికా సైన్యం వారి శీతల ప్రాంతాల పరిశోధనశాల మనిషి నడవడానికి కనీసం 6 అంగుళాల గట్టి మంచుగడ్డ ఉండాలంటుంది. అదీ వాగు కలిసే చోట, నీరు బయటికి పోయే చోట పలచగా ఉంటుంది. కొలవకుండా బృందాన్ని దాని మీదికి తీసుకెళ్ళొద్దు.

సమయం దగ్గరికి వస్తాను, ఎందుకంటే మన నడకలు ఎక్కువగా చెడేది ఇక్కడే. డిసెంబరు చివర్లో ఆ కొండల్లో సాయంత్రం నాలుగుంబావుకల్లా సూర్యాస్తమయం. మన ప్రకటనలో ఎనిమిదింటికి బయల్దేరుతామని ఉంటుంది, కాఫీలకు ఆగి, ఒక కారు కోసం ఆగి, స్నోషూలు తగిలించుకుని మొదటి అడుగు వేసేసరికి పదకొండు దాటుతుంది. అపలాచియన్ మౌంటెన్ క్లబ్ వాళ్ళు వాడే లెక్క మైలుకు అరగంట, ఎక్కే ప్రతి వెయ్యి అడుగులకు ఇంకో అరగంట. దాని ప్రకారం లోన్‌సమ్ లేక్ హట్‌కి గంటా ఇరవై నిమిషాలు. మంచులో, కొత్తవాళ్ళతో, దానికి రెండింతలు వేసుకోండి. మంచుకు మీరు ఏ లెక్క వేసినా అది చివరి మనిషి వేగంతో వేయాలి.

వెనక్కి తిరిగే సమయం ప్రకటనలోనే రాయండి. ‘ఎక్కడున్నా సరే, ఒంటిగంటకు తిరుగుతాం’ అని. ఈ వాక్యం ముందే ఉంటే కొండ మీద ఎవరితోనూ వాదన ఉండదు. మన బృందాల్లో నాయకత్వం తరచుగా ఉత్సాహమున్న కుర్రాళ్ళ చేతిలో ఉంటుంది. వాళ్ళ వెంట నడిచేది వయసులో పెద్దవాళ్ళు, ఆఫీసులో పై హోదాల్లో ఉన్నవాళ్ళు. ‘సార్, ఇక వెనక్కి వెళ్దాం’ అని ఆ కుర్రాడు అంటే ‘ఇంకెంత, అదిగో కనబడుతోందిగా శిఖరం’ అని పెద్దాయన నవ్వేస్తారు. కుర్రాడు ఎదురు చెప్పలేడు. మనలో పెద్దరికానికి ఇచ్చే గౌరవం మంచిదే, దాన్ని పోగొట్టుకోమనను. కానీ నడక మొదలయ్యే ముందు, అందరూ వింటుండగా, వయసులో పెద్దాయనే లేచి ‘ఈ రోజు ఈ అబ్బాయి మాటే చివరి మాట, నాకైనా సరే’ అని చెప్పే అలవాటు చేయండి. ఆ ఒక్క మాటతో ఆ కుర్రాడికి వచ్చే బలం ఏ శిక్షణతోనూ రాదు.

చెట్లు పెరగనంత ఎత్తులో ఉన్న శిఖరాలకు ఎవరైనా పేరివ్వొచ్చని పిలిచే నడకలు పెట్టొద్దని కూడా గట్టిగా అడుగుతున్నాను. ఫ్రాంకోనియా రిడ్జ్ అనే కొండవరస మీద మంచు ఫొటోలు చూసి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు గ్రూపులో ‘ఈసారి లఫాయెట్’ అంటారు. 5,249 అడుగుల ఆ శిఖరం మీద గాలికి అడ్డం ఏదీ లేదు. ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్ ఉండి, గాలి గంటకు 30 మైళ్ళ వేగంతో వీస్తే ఒంటికి తగిలే చలి మైనస్ 26 ఫారెన్‌హీట్. కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టే ప్రమాదం మొదలవుతుంది. అక్కడ చలికాలంలో 30 మైళ్ళ గాలి వింతేమీ కాదు. కొంచెం ఈశాన్యంగా ఉన్న మౌంట్ వాషింగ్టన్ మీద 1934 ఏప్రిల్‌లో గంటకు 231 మైళ్ళ గాలిని కొలిచారు. 2023 ఫిబ్రవరి మొదటి వారంలో అక్కడ గాలితో కలిపి చలి మైనస్ 108 ఫారెన్‌హీట్‌కు పడింది. 2022 నవంబరులో ఫ్రాంకోనియా రిడ్జ్ ఎక్కడానికి ఒంటరిగా బయల్దేరిన 19 ఏళ్ళ అమ్మాయి తిరిగి రాలేదు. రోజుల తరబడి వెతికారు. ఆమె కొత్తగా నడవడం మొదలుపెట్టిన మనిషి కూడా కాదు, ఎన్నో శిఖరాలు ఎక్కింది. ఆమె కుటుంబం దుఃఖాన్ని మనం పాఠంగా వాడుకోవడం నాకిష్టం లేదు, కానీ అదే దారికి కొత్తవాళ్ళను గుంపుగా పిలిచే ముందు ఆ సంగతి నిర్వాహకులకు గుర్తుండాలి. ఆ శిఖరాలు ఎక్కాలనుకునే అనుభవజ్ఞులు మనలో ఉన్నారు, వాళ్ళు నలుగురైదుగురు కలిసి వెళ్ళొచ్చు. దాన్ని క్లబ్బు నడకగా ప్రకటించకండి. ఏ నడకకైనా ముందు రాత్రి మౌంట్ వాషింగ్టన్ అబ్జర్వేటరీ ఇచ్చే ఎత్తైన శిఖరాల వాతావరణ సూచన చదివి, బాగాలేకపోతే పడుకునేలోపే రద్దు చేసేయండి.

తిండి విషయంలో మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. పులిహోర లేని ప్రయాణం మనకుండదు. స్టీలు డబ్బాలో పెట్టి సంచిలో పడేసిన పులిహోర మధ్యాహ్నానికి రాయిలా గట్టిపడుతుంది, తినాలంటే గ్లవ్స్ విప్పాలి, విప్పిన వేళ్ళు మళ్ళీ వెచ్చబడడానికి ఎంతసేపు పడుతుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. పులిహోర కారులో ఉంచండి, దిగి వచ్చాక తిందాం. కొండ మీదికి మిటెన్‌తోనే పట్టుకుని నోట్లో వేసుకునేవి కావాలి. ఖర్జూరాలు, నేతితో చేసిన సున్నుండలు, జీడిపప్పు, చిన్న ముక్కలుగా కోసి చుట్టిన చపాతీ, వేపిన పల్లీలు. పల్లీపట్టీ చలికి పంటికి లొంగదు, వద్దు. పెద్ద భోజనం కోసం ఒకచోట ఆగకుండా, ఆగిన ప్రతిసారీ రెండు ముద్దలు. ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకెళ్తే దానికి సాటి ఏదీ లేదు. ఉప్పు, వేడి, ఘాటు మూడూ ఒకే గుక్కలో దిగుతాయి. మామూలు నీళ్ళ సీసాను సంచిలో తలకిందులుగా పెట్టమనండి. నీళ్ళు పైనుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర పేరుకోకుండా ఉంటుంది. గొట్టంతో తాగే సంచులు ఈ కాలానికి పనికిరావు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి నిర్వాహకుల్లో మగవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మన నడకల్లో చాలామంది ఆడవాళ్ళు పొద్దుట్నుంచి నీళ్ళు ముట్టరు. కారణం మీకు ఎవరూ చెప్పరు, మీరూ అడగరు. దారిలో ఒంటికి వెళ్ళాల్సి వస్తే ఎక్కడికి వెళ్ళాలి, ఎవరికి చెప్పాలి అన్న బెరుకు. నీళ్ళు తాగని ఒళ్ళు త్వరగా అలిసిపోతుంది, త్వరగా చల్లబడుతుంది. మొదట్లోనే అందరి ముందూ మామూలుగా చెప్పేయండి: దారి పక్కన సంచి పెట్టి వెళ్తే లోపల మనిషి ఉన్నట్టు గుర్తు, చివర నడిచే మనిషి ఆ సంచి దగ్గర ఆగి, వాళ్ళు వచ్చాకే కదులుతారు. ప్రతి బృందంలో ముందు గానీ చివర గానీ ఒక స్త్రీ బాధ్యతలో ఉంటే ఈ ఇబ్బంది సగం తీరుతుంది.

ఇక అత్యవసరం. న్యూ హాంప్‌షైర్‌లో కొండల్లో తప్పిపోయినవాళ్ళను వెతికే బాధ్యత ఫిష్ అండ్ గేమ్ శాఖది. అజాగ్రత్తగా వెళ్ళి చిక్కుకున్నవాళ్ళ దగ్గర ఆ ఖర్చు వసూలు చేసే చట్టం ఆ రాష్ట్రంలో ఉంది. ఈ సంగతి సగం విన్న విద్యార్థులు, 911కి ఫోన్ చేస్తే వేల డాలర్లు కట్టాలి, వీసాకు ఏమవుతుందో అని భయపడుతున్నారు. ఆ భయంతో ఫోన్ ఆలస్యం చేస్తే మనిషే దక్కదు. అవసరమైతే క్షణం ఆలోచించకుండా ఫోన్ చేయాలని ప్రతి నడక మొదట్లో చెప్పండి. అదే శాఖ అమ్మే హైక్ సేఫ్ కార్డు ఏడాదికి ఒక్కరికైతే 25 డాలర్లు, కుటుంబానికి 35. అది ఉన్నవాళ్ళు మామూలు అజాగ్రత్తకు ఖర్చు తిరిగి కట్టక్కర్లేదు, మొండిగా తెగించి వెళ్ళినవాళ్ళకు మాత్రం ఆ రక్షణ లేదు. ఆ డబ్బు వెతికేవాళ్ళ పనికే వెళ్తుంది. చలికి ఫోన్ బ్యాటరీ చూస్తుండగా పడిపోతుంది, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోమనండి. కొండలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి, ఎవరెవరు ఎక్కడికి వెళ్ళారు, ఎన్నింటికి తిరిగి రావాలి అన్న కాగితం ఊళ్ళో ఇంటి దగ్గరున్న ఒకరి చేతిలో ఉండాలి. ప్రతి బృందంలో ఒక్కరైనా రెండు రోజుల వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ శిక్షణ తీసుకున్నవాళ్ళు ఉంటే మంచిది. ఆ ఫీజు కూడా సంఘమే కట్టాలి. వారాంతాలు ఖర్చుపెట్టి నలుగురినీ నడిపించే మనిషి చేత సొంత డబ్బు పెట్టించడం న్యాయం కాదు.

ఇన్ని షరతులు పెడితే ఎవరొస్తారు, సరదా చచ్చిపోతుంది అని మీలో కొందరు అంటారని తెలుసు. ముప్ఫైమందికి బదులు పదిమందే వస్తే గ్రూపు ఫొటో చిన్నదవుతుంది, నిజమే. నాకు మాత్రం ఆ పదిమందీ మళ్ళీ వచ్చే శనివారం కూడా రావడం ముఖ్యం. ఆ రోజు చివర్లో వణికిన అమ్మాయి ఆ తర్వాత ఒక్క నడకకూ రాలేదు. తనకు కొండలు పడవని అనుకుంటోంది. పడనిది ఆమెకు కాదు, మనం నడిపించిన తీరు. అలా నిశ్శబ్దంగా తప్పుకున్నవాళ్ళ పేర్లు మీ గ్రూపుల పాత జాబితాల్లో వెతికితే కనబడతాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఎందుకు మానేశారో అడిగి చూడండి.

డిసెంబరు నడకల పట్టిక వేసేముందు ఒక ఆదివారం అందరు నిర్వాహకులూ గంటసేపు కూర్చోండి. పిలిస్తే నేనూ వస్తాను. స్నోషూలు దాచడానికి మా గరాజ్‌లో చోటుంది, నా దగ్గరున్న అదనపు జాకెట్లు, మిటెన్లు ఆ రోజే తెచ్చి ఇస్తాను. లింకన్ వుడ్స్‌లో మొదటి నడక పెడితే, చివర నడిచే మనిషి పేరు దగ్గర నా పేరు రాసుకోండి.

ఇట్లు,
లోవెల్ నుంచి మీ బృందాల్లో నడిచే ఒక సభ్యురాలు